పల్లకీ ఎక్కిన మందు

ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకున్న మనిషిని గురించి మనకు ఒక సామెత ఉంది. క్యాన్సర్ మందుల చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు ఆ మనిషి గుర్తుకు వస్తూనే ఉన్నాడు. సామెతలో అతను తెలివితక్కువవాడు. ఆసుపత్రిలో మాత్రం అతనికి వేరే దారి లేదు. క్యాన్సర్ కణం బయటినుండి దండెత్తి వచ్చిన శత్రువు కాదు. మన ఒంట్లోనే పుట్టి, మన అన్నమే తిని, హద్దు మరచి పెరిగిన కణం. దానిని చంపగలిగిన విషం పక్కనున్న మంచి కణాన్ని కూడా చంపుతుంది. జుట్టు రాలడం, నోరు పూయడం, నెత్తుటిలో తెల్లకణాలు పడిపోవడం, ఇవన్నీ ఆ తగలబడుతున్న ఇంటి పొగ.

ఎలుక కన్నంలోకి మాత్రమే నిప్పు చేర్చే ఉపాయం ఉందా అని నూరేళ్ళకు పైగా మనుషులు వెదుకుతున్నారు. ఆ వెదుకులాటలో ఒక పాయ గురించి, అంటే మందును పాలిమర్ల మీదకో, పాలిమర్ రేణువులలోకో ఎక్కించి కణితి దాకా పంపాలని చూసిన వారి గురించి ఇక్కడ రాస్తున్నాను. మాటల గురించి ఒక మాట. పాలిమర్‌ను తెలుగులో కొందరు బృహదణువు అన్నారు, కొందరు బహుభాగి అన్నారు. రెండూ చక్కని మాటలే కాని, ప్లాస్టిక్ బిందె కొనే ప్రతివారికీ పాలిమర్ అన్న మాట పరిచయమే కనుక దానినే వాడతాను. కణం అంటే జీవకణమనీ, రేణువు అంటే ప్రాణం లేని నలుసు అనీ పాఠకులు గ్రహించాలి. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. మనం చెప్పుకోబోయే రేణువులు 100, 200 నానోమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి.

ఈ ఆశకు మూలపురుషుడు పాల్ ఎర్లిక్. 1854లో పుట్టిన ఈ జర్మన్ వైద్యుడికి రంగుల పిచ్చి. ఆ రోజుల్లో బట్టల మిల్లుల కోసం కొత్తకొత్త అనిలీన్ రంగులు తయారవుతుండేవి. ఆ రంగులను జంతువుల కణజాలం మీద వేసి చూస్తే, ఒక్కొక్క రంగు ఒక్కొక్క రకం కణాన్నే పట్టుకుంటుంది, పక్కదానిని వదిలేస్తుంది. రంగు అలా ఏరుకోగలిగినప్పుడు విషం మాత్రం ఎందుకు ఏరుకోలేదని ఆయన ప్రశ్న. 1891లో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగును మలేరియా రోగులకు ఇచ్చి చూశారు. 1909లో ఆయన ప్రయోగశాలలో సహాచిరో హాతా అనే జపాను శాస్త్రజ్ఞుడు 606 అన్న అంకె గల ఆర్సెనిక్ పదార్థం సిఫిలిస్ క్రిమిని చంపుతుందని తేల్చాడు. మరుసటి ఏడు అది సాల్వర్సాన్ పేరుతో బజారుకు వచ్చింది. శత్రువును మాత్రమే వెదికి కొట్టే మందుకు ఎర్లిక్ పెట్టిన పేరు మాయతూటా. మన పురాణాలు చదువుకున్నవాళ్ళం రామబాణం అని ఊరుకుంటాం.

క్యాన్సర్‌కు మొదట దొరికినది రామబాణం కాదు, యుద్ధవాయువు. మస్టర్డ్ గ్యాస్ తగిలిన సైనికులలో ఎముకల మూలుగ ఎండిపోవడం గమనించిన మీదట, దాని దాయాది అయిన నైట్రోజన్ మస్టర్డ్‌ను 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఒక లింఫు క్యాన్సర్ రోగికి ఎక్కించారు. కణితులు కరిగాయి, మళ్ళీ వచ్చాయి. యుద్ధరహస్యం కనుక 1946 దాకా ఆ సంగతి బయటి లోకానికి తెలియలేదు.

ఆ తరువాతి మలుపులో మన వాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం తయారుచేసే పనికి సారథ్యం వహించాడు. ఆయన బృందం నుండే ఆ ఫోలిక్ ఆమ్లానికి మారువేషం వేసినట్లుండే అమినోప్టెరిన్, దాని వెంటనే మెథోట్రెక్సేట్ వచ్చాయి. కణం దానిని తిండి అనుకొని మింగి ఆకలితో చస్తుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు పోయాడు. పిల్లలకు కలిగిన ఉపశమనం తాత్కాలికమే. అయినా రసాయనంతో లుకేమియాను వెనక్కి నెట్టవచ్చునని అప్పటికి తేలింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిని పాఠకులు గుర్తుంచుకోండి, కథ మళ్ళీ అక్కడికి వెళుతుంది.

ఇక ఎర్రమందు. ఇటలీలో కాస్టెల్ దెల్ మోంటే అనే 13వ శతాబ్దపు కోట ఉంది. దాని దగ్గర తవ్వి తెచ్చిన మట్టిలో ఒక సూక్ష్మజీవి, అది స్రవించే ఎర్రని పదార్థం, ఆ జీవిని కొంచెం మార్చితే వచ్చిన మరింత మంచి పదార్థం: అదే డాక్సోరూబిసిన్. దగ్గరలోని ఆడ్రియాటిక్ సముద్రం పేరు మీద దానికి ఆడ్రియామైసిన్ అని పేరు పెట్టారు. మా పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ ఎర్రమందును నేను మొదటిసారి చూశాను. ప్రతి విడతకూ ముందు గుండె పరీక్ష చేసేవారు. "రోగం రొమ్ములో ఉంటే గుండెను చూస్తారేమిరా?" అని ఆవిడ అడిగింది. నాకప్పుడు జవాబు తెలియదు. జవాబు ఇది: ఆ మందు గుండె కండరాన్ని తినేస్తుంది. శరీరపు వైశాల్యంలో చదరపు మీటరుకు జీవితం మొత్తం మీద 450 నుండి 550 మిల్లీగ్రాములు దాటితే గుండె చెడిపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. కణితి ఇంకా మందుకు లొంగుతూనే ఉంటుంది, కాని గుండెకు ఇక ఓపిక ఉండదు. అక్కడ మందు ఆపేయాలి. రోగం తగ్గుతున్నప్పుడే మందు ఆపవలసి రావడమనే ఆ అన్యాయం నుంచే ఈ పాలిమర్ల వాళ్ళంతా బయలుదేరారు.

మందు అణువు చాలా చిన్నది. నెత్తుటిలో పడగానే ఊరంతా తిరుగుతుంది, ప్రతి గుమ్మంలోకీ తొంగిచూస్తుంది, కొద్ది గంటల్లో మూత్రంలోనో పైత్యరసంలోనో కొట్టుకుపోతుంది. దానిని ఒక పెద్ద వాహనానికి కట్టేస్తే? 1975లో జర్మనీలోని మైంజ్ విశ్వవిద్యాలయంలో హెల్ముట్ రింగ్స్‌డార్ఫ్ ఒక బొమ్మ గీశాడు. పొడుగాటి పాలిమర్ గొలుసు, దానికి ఒక కొక్కెంతో తగిలించిన మందు, నీటిలో కరగడానికి ఒక భాగం, గమ్యాన్ని గుర్తుపట్టడానికి ఇంకొక భాగం. నాకు ఆ బొమ్మ చూస్తే పల్లకీ గుర్తుకు వచ్చింది: బొంగు, లోపల పెళ్ళికూతురు, మోసే బోయీలు, ముందు దారి చూపే దివిటీవాడు. తరువాత యాభై ఏళ్ళపాటు ఈ రంగంలో జరిగిన పని చాలావరకు ఆ పల్లకీకి మరమ్మతులే.

ఆ బొమ్మకు ప్రాణం పోసిన వాళ్ళలో నాకు ఎక్కువగా నచ్చినది ప్రేగ్, కీల్ జంట. ప్రేగ్‌లో యిండ్రిహ్ కొపెచెక్ అనే రసాయనజ్ఞుడి దగ్గర హెచ్.పి.ఎం.ఏ. అనే పాలిమర్ ఉంది. అది నీటిలో కరుగుతుంది, శరీరం దానితో తగవు పెట్టుకోదు. ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో రూత్ డంకన్ అనే జీవశాస్త్రజ్ఞురాలు ఉంది. మధ్యలో ఇనుపతెర. అయినా ఇద్దరూ కలిసి పనిచేశారు. డాక్సోరూబిసిన్‌ను నాలుగు అమినో ఆమ్లాల కొక్కెంతో పాలిమర్‌కు తగిలించారు. ఆ కొక్కెం నెత్తుటిలో తెగదు. కణం ఆ గొలుసును మింగాక, లైసోజోమ్ అనే దాని జీర్ణకోశంలో ఉండే కెథెప్సిన్ బి అనే ఎంజైము మాత్రమే దానిని కత్తిరిస్తుంది. అంటే తలుపు తాళం చెవి ఇంటి లోపలే ఉందన్నమాట. ఈ మందుకు పీకే1 అని పేరు పెట్టారు. పీ అంటే ప్రేగ్, కే అంటే కీల్.

1994లో బ్రిటనులో మనుషుల మీద పరీక్ష మొదలయింది. 1999లో వెలువడిన ఫలితాలు చూడండి. మామూలు డాక్సోరూబిసిన్ ఒక విడతకు చదరపు మీటరుకు 60 నుండి 75 మిల్లీగ్రాములు ఇస్తారు. పీకే1 రూపంలో 320 దాకా తట్టుకోగలిగారు. మొత్తం మీద 1680 మిల్లీగ్రాముల దాకా పుచ్చుకున్నవారిలో కూడా గుండె దెబ్బతిన్న జాడ కనిపించలేదు. పెద్దమ్మ ప్రశ్నకు ఇంతకన్న సూటి జవాబు నేను చదవలేదు. మరి ఈ మందు ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడా దొరకదు. తరువాతి పరీక్షలలో రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు ఉన్న కొందరిలో కణితి తగ్గింది, పెద్దపేగు క్యాన్సర్‌లో ఎవరికీ తగ్గలేదు. మందు బజారుకు రానేలేదు. గుండెను కాపాడడం ఒక ఎత్తు, కణితిని గెలవడం మరొక ఎత్తు అని అది తేల్చింది.

ఇదంతా పాలిమర్ గొలుసు కథ. అదే పాలిమర్‌ను ఉండగా చుట్టి రేణువుగా చేయడం ఇంకొక దారి. ఆ దారి జూరిక్‌లో మొదలయింది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో పీటర్ స్పైజర్ 1960ల చివరి నుండి టీకాలు మెల్లగా విడుదల కావడానికి పాలిమర్ నానోరేణువులు తయారు చేస్తున్నాడు. ఆయన శిష్యుడు యోర్గ్ క్రాయిటర్‌తో కలిసి రాసిన వ్యాసం 1976లో వచ్చింది. చిక్కు ఏమిటంటే ఆ రేణువులు ఒంట్లో కరగవు, లేదా కరగడానికి ఎంతకాలమైనా పడుతుంది. టీకా అయితే ఏడాదికొకటి; క్యాన్సర్ మందు అలా కాదు, నరంలోకి మళ్ళీ మళ్ళీ ఎక్కించాలి. కరగని ప్లాస్టిక్‌ను నెత్తుటిలో పోగు చేసుకుంటూ పోవడం కుదరని పని.

దీనికి విరుగుడు జిగురు సీసాలో దొరికింది. 1942లో అమెరికాలో కోడాక్ కంపెనీలో హ్యారీ కూవర్, తుపాకి గురి అద్దాల కోసం పారదర్శకమైన ప్లాస్టిక్‌ను వెదుకుతూ సయనోఅక్రిలేట్ల జోలికి వెళ్ళాడు. అవి ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతుంటే విసిగి అవతల పారేశాడు. దాదాపు పదేళ్ళ తరువాత ఆ విసుగులోనే లాభం ఉందని కంపెనీకి తోచింది. 1958లో అది జిగురుగా అమ్మకానికి వచ్చింది. మన కిరాణా కొట్లలో వేలాడే చిన్న గొట్టాలలోని వేలు అంటుకుపోయే జిగురు ఆ కుటుంబానిదే. వియత్నాం యుద్ధంలో గాయాల మీద చల్లి రక్తస్రావం ఆపారు. శస్త్రవైద్యులు దీని దాయాదులను చర్మం అతికించడానికి వాడసాగారు. కాలక్రమాన శరీరం ఆ జిగురును విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది.

స్పైజర్ దగ్గర కొంతకాలం పనిచేసిన పాట్రిక్ కుప్రూర్ అనే బెల్జియం యువకుడికి ఈ సంగతి ఉపయోగపడింది. ఈ జిగురుకు కొంచెం తడి తగిలితే చాలు, గట్టిపడుతుంది. ఆమ్లం కలిపిన నీటిలో, సబ్బులాంటి పదార్థం తోడుగా, దానిని చిలికితే తడి ప్రభావం అదుపులో ఉండి, బిందువు బిందువుగా గట్టిపడి నానోరేణువులు వస్తాయి. చిలికేటప్పుడే మందు వేస్తే అది రేణువులో ఇరుక్కుంటుంది. 1979లో ఆయన దీనిని ప్రకటించాడు. లైసోజోములను కనిపెట్టి నోబెల్ బహుమతి పొందిన క్రిస్టియన్ ద డువ్ కూడా ఆ లూవేన్ విశ్వవిద్యాలయం వాడే. మందును లైసోజోముల దాకా చేర్చాలన్న ఊహ అక్కడి గాలిలోనే ఉంది.

అయితే నెత్తుటిలోకి వెళ్ళిన నలుసును శరీరం ఊరికే వదలదు. దాని మీద ప్రోటీన్లు వచ్చి అంటుకుంటాయి. ఆ గుర్తు చూసి కాలేయంలోని, ప్లీహంలోని కాపలా కణాలు నిమిషాలలో మింగేస్తాయి. కుప్రూర్ ఈ దోషాన్నే గుణంగా వాడుకోవాలనుకున్నాడు. రేణువులన్నీ కాలేయానికే పోతున్నాయి కదా, కాలేయ క్యాన్సర్‌కే పంపుదాం! మంచి తర్కం. దాని ఫలితం కాసేపటిలో చెబుతాను.

ఇప్పుడు బోస్టన్ పిల్లల ఆసుపత్రికి తిరిగి వెళదాం. 1970లలో అక్కడ జూడా ఫోక్‌మన్ అనే శస్త్రవైద్యుడు ఉండేవాడు. కణితి తనకు కావలసిన రక్తనాళాలను తానే పిలిపించుకుంటుందని 1971లో ఆయన వాదించాడు. ఆ నాళాలను ఆపే పదార్థాన్ని వెదకడానికి రాబర్ట్ లాంగర్ అనే రసాయన ఇంజనీరు చేరాడు. కుందేలు కంటిపొర మీద ప్రోటీనును రోజుల తరబడి మెల్లగా విడుదల చేసే పాలిమర్ ఆయనకు కావలసి వచ్చింది. అంత పెద్ద అణువులు పాలిమర్‌లోనుంచి బయటికి రావడం గోడలోంచి మనిషి నడిచి రావడంలాంటిదని నిపుణులు కొట్టిపారేశారు. 1976లో ఇద్దరూ కలిసి అది సాధ్యమేనని నేచర్ పత్రికలో చూపించారు. తరువాత లాంగర్, మెదడు శస్త్రవైద్యుడు హెన్రీ బ్రెమ్‌తో కలిసి, మెదడులో కణితి తీసేసిన ఖాళీలో మందు నింపిన పాలిమర్ బిళ్ళలు పరిచే పద్ధతి తెచ్చాడు. దానికి 1996లో అమెరికా అనుమతి లభించింది.

1994లో లాంగర్ బృందం కాలేయపు కాపలా నుండి తప్పించుకునే రేణువులు చేసింది. లోపలి ముద్ద పీ.ఎల్.జి.ఏ. అనే పాలిమర్. అది శస్త్రవైద్యులు కుట్లు వేసే కరిగే దారాలలో 1970ల నుండి ఉన్నదే. ఒంట్లో విరిగితే వచ్చే వాటిలో ఒకటి లాక్టిక్ ఆమ్లం, అంటే పెరుగులో పులుపు. పైన పెగ్ అనే, నీటిని ప్రేమించే పాలిమర్ వెంట్రుకలు. వాటి వల్ల ప్రోటీన్లు రేణువుకు తొందరగా అంటుకోలేవు. ఒంటికి ఆముదం పూసుకున్న దొంగ చేతికి చిక్కనట్లు రేణువు గంటల తరబడి నెత్తుటిలో తిరుగుతుంది.

సరే, తిరుగుతుంది. కణితిలోకి ఎందుకు పోతుంది? దానికి జవాబు జపానులోని కుమమోతో విశ్వవిద్యాలయం నుండి వచ్చింది. హిరోషి మయేదా అక్కడ ఒక చిన్న ప్రోటీను మందుకు పాలిమర్ తగిలించి స్మాంక్స్ అనే మందు చేశాడు. గసగసాల నూనెకు అయొడిన్ చేర్చి చేసే లిపియడాల్‌లో దానిని కలిపి కాలేయానికి పోయే ధమనిలోకి ఎక్కిస్తే, కణితిలో దిగి అక్కడే నిలిచిపోయేది. ఎందుకిలా? 1986లో యసుహిరో మత్సుమురా, మయేదా కలిసి ఇందుకు కారణం చెప్పారు. నెత్తుటిలోని ఆల్బుమిన్‌కు అంటుకునే ఒక నీలిరంగును కణితి ఉన్న ఎలుకలకు ఎక్కిస్తే, కొద్ది గంటలకు కణితి నీలంగా మారింది. చుట్టుపక్కల కండ మామూలుగానే ఉంది. కణితి హడావిడిగా కట్టుకున్న రక్తనాళాలు కంత్రాటుదారు కట్టిన కాలువలా కారుతుంటాయి, పెద్ద అణువులు ఆ సందుల్లోంచి బయటపడతాయి. వాటిని తోడేసే లింఫు నాళాలు కణితిలో సరిగా ఉండవు కనుక అక్కడే ఉండిపోతాయి. రంగు కణాన్ని ఏరుకోవడంతో ఎర్లిక్‌కు తట్టిన ఆశ, మరొక రంగు కణితిని ఏరుకోవడంతో మళ్ళీ చిగురించింది. జపాను ప్రభుత్వం 1993లో స్మాంక్స్‌ను అనుమతించింది. ఆ తరువాత ప్రతి నానోవైద్య పరిశోధన వ్యాసమూ మొదటి పేరాలో మయేదాకు దణ్ణం పెట్టి మొదలయ్యేది.

నాళాలు కారడం నిజమే. ఎలుకలో కణితి రెండు వారాల్లో ఎలుక బరువులో చెప్పుకోదగ్గ వంతు అవుతుంది. మనిషిలో ఏళ్ళు పడుతుంది, నాళాలు అంతగా కారవు, ఒకే మనిషిలో రెండు కణితులు రెండు రకాలుగా ఉంటాయి. ఎలుకలను నయం చేయడంలో మనంత నేర్పరులు లేరని ఈ రంగంలోని వాళ్ళే నవ్వుకుంటారు.

కొన్ని విజయాలు ఉన్నాయి, దాచను. పాక్లిటాక్సెల్ అనే మందు నీటిలో కరగదు. ఆముదం నుండి తయారుచేసిన క్రెమొఫోర్ అనే ద్రవంలో కలిపి ఇస్తారు. మన పాలమూరు, నల్లగొండ చేలలో కూడా పండే ఆముదమే, కాని రసాయనం కలిపాక దాని స్వభావం మారుతుంది. అది కొందరికి ఒళ్ళు దద్దురెక్కి ఊపిరాడకుండా చేస్తుంది కనుక ముందుగా స్టీరాయిడ్లు ఇవ్వాలి. 2005లో అమెరికాలో అనుమతి పొందిన అబ్రాక్సేన్ దానిని తప్పించి, సుమారు 130 నానోమీటర్ల ఆల్బుమిన్ రేణువులలో అదే మందును పెట్టింది. మన దేశంలో 2007లో దాబర్ ఫార్మా నానోక్సెల్ పేరుతో పాలిమర్ రేణువులలో పాక్లిటాక్సెల్‌ను బజారుకు తెచ్చింది. ఇవి ఆముదపు బాధ తప్పించాయి. కణితిని వెదికి పట్టుకునే తూటాలు అని మాత్రం వీటిని అనలేం.

ఇక కుప్రూర్ తర్కం. జిగురు రేణువులలో డాక్సోరూబిసిన్ నింపి కాలేయ క్యాన్సర్ రోగులు నాలుగు వందలమందికి దగ్గరగా పాల్గొన్న పెద్ద పరీక్ష చేశారు. 2017 సెప్టెంబరులో ఫలితం వచ్చింది: మామూలు చికిత్స పొందినవారికన్న ఆయుర్దాయం పెరగలేదు. దానికి ఏడాది ముందే, లాంగర్, ఒమిద్ ఫరోఖ్‌జాద్ స్థాపించిన బైండ్ అనే కంపెనీ దివాలా పిటిషను వేసింది. పెగ్ వెంట్రుకలు, లోపల డోసిటాక్సెల్, కొసన ప్రోస్టేటు క్యాన్సర్ కణాలను గుర్తుపట్టే అణువు. రింగ్స్‌డార్ఫ్ బొమ్మలోని దివిటీవాడు సహా అన్నీ ఉన్న పల్లకీ అది. ఫైజర్ దానిని 4 కోట్ల డాలర్లకు కొనుక్కుంది.

ఆ 2016లోనే టొరంటోలో వారెన్ చాన్ బృందం, అంతకు ముందు పదేళ్ళలో వచ్చిన 117 పరిశోధనలను కలిపి లెక్కకట్టింది. ఎక్కించిన రేణువులలో కణితిని చేరినవి మధ్యస్థంగా 0.7 శాతం. వంద పల్లకీలు బయలుదేరితే ఒకటి కూడా పూర్తిగా చేరలేదు. ఆ లెక్క చాలామందికి కోపం తెప్పించింది. వాహనం లేని ఉత్త మందు కూడా అంతకన్న ఎక్కువేమీ చేరదు కదా, పోల్చవలసింది దానితో కాదా అని వాళ్ళ వాదన; అందులో న్యాయం ఉంది. 2020లో అదే బృందం మరొక అడుగు వేసింది: రేణువులు సందులగుండా కారి కణితిలోకి పోవడం లేదు, 97 శాతం దాకా రక్తనాళపు కణాలే వాటిని చురుకుగా లోపలికి తీసుకుంటున్నాయి అని. అదే నిజమైతే ముప్పై ఏళ్ళుగా అందరూ కొలిచిన సందులు అసలు దారే కాదు. మయేదా 2021లో మరణించే నాటికి ఈ వాదన తెగలేదు.

విచిత్రమేమిటంటే, పాలిమర్ రేణువులలో క్యాన్సర్ రోగులకు నిజంగా చేరినది ఒకటి ఉంది, అది నానో కాదు, దేనినీ వెదకదు. జపానులోని తకెడా కంపెనీ పరిశోధకులు, ప్రోస్టేటు క్యాన్సర్‌కు ఇచ్చే ల్యూప్రొలైడ్ అనే హార్మోను మందును ఆ కుట్ల దారపు పాలిమర్‌తో చేసిన, నానోరేణువులకన్న వందరెట్లు పెద్దవైన రేణువులలో పెట్టారు. 1989లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతవరకు రోజూ పొడుచుకోవలసిన సూది నెలకు ఒకటయింది. రేణువులు పొడిచిన చోటే కూర్చుని, కరుగుతూ, రోజుకు కొంత చొప్పున మందు వదులుతాయి. ఈ మందు పుచ్చుకుంటున్న ముసలాయన ఒకరు మా వీధిలోనే ఉన్నారు. అందులో పాలిమర్ ఉందని చెబితే ఆయన తన భుజం తడుముకుని చూసుకున్నారు.

కొవ్వు పొరలతో చేసిన రేణువులది వేరే వంశం. బాంగమ్ లైపోజోముల నుండి 1995 నాటి డాక్సిల్ మీదుగా 2020 నాటి కోవిడ్ టీకాల దాకా నడిచిన ఆ కథ దీనికన్న పొడుగు. అది మరొకసారి.